కళ్ళ మీది నల్లపట్టీ

విరుదునగర్ కాలేజీలో పాఠాలు చెప్పే జోతిలక్ష్మికి ఇంకో కొలువుంది. కాలేజీ వాళ్ళు ఇంటర్నెట్‌లో నడిపే వైద్య పరిశోధన పత్రికకు ఆమే సంపాదకురాలు. జీతమూ లేదు, భత్యమూ లేదు, పెత్తనానికి మాత్రం కొదవలేదు. పైసా కట్టకుండా లోకంలో ఎవరైనా చదువుకోవచ్చు. తలుపుల్లేని ఇల్లు కదా, రోగుల పరువు మనమే కాపాడాలని ఆమె పట్టుదల. టపాలో వచ్చిన కవరు విప్పిన గుమాస్తా "ఫోటోలో కళ్ళు కనిపిస్తున్నాయి మేడం" అంటే చాలు, తాను చూడకుండానే "కప్పి పంపండి" అని తిప్పికొట్టేది.

కోవిల్‌పట్టి పాత డాక్టరు పాండియరాజన్ వ్యాసం అలాగే వెళ్ళి మళ్ళీ వచ్చింది. తొంభైల్లో తాను వైద్యం చేసిన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పిల్లల కాలిన గాయాల గురించి రాశాడాయన. ఈసారి ఫోటోలో పిల్ల కళ్ళ మీద నల్లటి పట్టీ ఉంది. సరేనని సంతకం పెట్టబోతూ జోతిలక్ష్మి ఆ పిల్ల చెవి చూసింది. తమ్మె చీలి ఉంది. తాను చంటిదిగా ఉన్నప్పుడు కమ్మ పట్టుకుని లాగితే చీలిన తమ్మె అది. సాత్తూరు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ మంటల్లో కాలి, ఆస్పత్రిలో కన్నుమూసిన అక్క కాళీశ్వరి!

ఇంట్లో అక్కది ఒక్క ఫోటో లేదు. తిథినాడు అమ్మ లక్ష్మియమ్మాళ్ ఉత్త గోడకే బొట్టు పెట్టి ఏడుస్తుంది. "దాని మొగం మరిసిపోతా ఉండా మే. కలలోకొచ్చినా అట్ల తిరుక్కొని నిలుస్తాది. ఒక్కతూరి చూస్తే సాలు" అని ఏళ్ళ తరబడి అదే పోరు.

జోతిలక్ష్మి వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి, పట్టీ లేని ఫోటో ఇమ్మని బతిమాలింది.

"ఉన్నది ఆ ఒక్క ప్రింటేనమ్మా, నెగటివు ఎప్పుడో పోయింది," అన్నాడాయన తమిళంలో. "మీరు కప్పమన్నారని దాని మీదే సిరా పూసేశాను. మొదట పంపినప్పుడు కళ్ళు బాగానే ఉన్నాయే, మీరు చూడలేదా?"

చూడలేదు. అక్క కళ్ళు తెరుచుకుని తన బల్ల దాకా వస్తే, పాపిష్టిది, తలెత్తి చూడకుండా పంపేసింది. స్పిరిటులో ముంచిన దూదితో ఒక మూల తుడిచి చూసింది. సిరాతో పాటు బొమ్మ కూడా ఊడి వచ్చింది. ఆ వారమంతా ఆమెకూ అక్క కలలోకి వచ్చింది. ఇటే తిరిగి నిలబడింది. కళ్ళుండాల్సిన చోట నలుపు.

ఆదివారం బస్సెక్కి కోవిల్‌పట్టిలో అమ్మ దగ్గరికి పోయింది. చూపించకుండా ఉండలేకపోయింది, చూపిద్దామంటే చెయ్యి రాలేదు. చివరికి ఫోటో అమ్మ చేతిలో పెట్టింది.

లక్ష్మియమ్మాళ్ చెవి తడిమింది, పెదవి తడిమింది. "నా బిడ్డే," అంది. వేలు నలుపు దగ్గర ఆగింది.

"దీని కండ్లకు గంత కట్టినదెవురు మే?"

"నేనేనమ్మా," అంది జోతిలక్ష్మి ఏడుస్తూ.

అమ్మ తిట్టలేదు. కొంగు తడుపుకుని ఆ నలుపును మెల్లగా రుద్దసాగింది.

"తీసెయ్ మే. దీనికి చీకటంటే బయం."