పెద్దపెట్టె మాట

పద్నాలుగో తారీఖు, గురువారం, మధ్యాహ్నం మూడూ నలభైకి అట్టపెట్టెల షెడ్డులో ఆఖరి ఫ్రిజ్ పెట్టె కూడా నేల వదిలి పైకి లేచింది. గంట అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, మామ్మ అప్పుడే టీ గ్లాసు కింద పెట్టి గోడ గడియారం వంక చూసింది. ఆ ఇంట్లో ఏ సంగతైనా తారీఖుతో సహా గుర్తుండేది ఆవిడకే. మనవడికి మొదటి పన్ను వచ్చిన రోజూ ఆవిడే చెప్పాలి, కోడలు మొదటిసారి అలిగిన రోజూ ఆవిడే చెప్పాలి.

పెట్టెలు లేవడం ఆ షెడ్డులో మామూలే. రాబోయే మూడు నెలల్లో పెట్టెల్లో ఎంత సరుకు పడబోతుందో, అంతకు తగ్గ బరువు ఖాళీగా ఉన్నప్పుడే వాటికి వచ్చేస్తుంది. మంచి రోజులు రాబోతుంటే పెట్టెలు నేలకి అంటుకుని కూర్చుంటాయి. గడ్డురోజులైతే తేలతాయి. అందుకే షెడ్డు కప్పు ఎత్తుగా కట్టారు, పెట్టెలు కిందికి లాగడానికి ఒక కొక్కెం కర్ర పెట్టుకున్నారు. అలాంటి నెలల్లో లారీ డ్రైవరు చెప్పకుండానే రెండు తాళ్ళు ఎక్కువ తెచ్చుకునేవాడు.

ప్రతి గురువారం అన్నిటికన్నా పెద్దపెట్టెని షెడ్డు మధ్యలో పెట్టి చెయ్యి వేసి చూడటం తాతగారు పెట్టిన అలవాటు. "పెద్దపెట్టె మాటే మాట" అనేవారాయన. ఆయన పోయి పదకొండేళ్ళయినా ఆ మాట ఎవరూ జవదాటలేదు.

నాలుగింటికి మామ్మ చిన్నకొడుకు ఫోను చేశాడు. అతనిది బ్యాంకులో ఉద్యోగం. రాబోయే మూడు నెలల్లో ప్రపంచంలో వ్యాపారాలు, మార్కెట్లు ఎలా ఉంటాయో నివేదిక రాసివ్వాలి. రాసేముందు ఇంటికి ఫోను చేయడం అతని అలవాటు.

"ఏరా చిన్నోడా, తిన్నావా?"

"తిన్నాలే అమ్మా. ఎంత ఎత్తు లేచాయి?"

"కప్పుకి తగిలాయిరా."

"ఇక్కడా అంతే. ఏ దేశం చూసినా షేర్లు పడిపోతున్నాయి. చమురు ధర పెరిగింది, వడ్డీలు తగ్గేట్టు లేవు. ఈ మూడు నెలలూ జనం పెద్ద వస్తువుల జోలికి పోరు."

"ఆ తర్వాతో?"

"అంతకు మించి మేం చెప్పలేమమ్మా. ఒకవేళ పరిస్థితులు కుదుటపడితే, అదీ యుద్ధాలు లేకపోతే..."

"పోనీలే నాయనా, మీకన్నా మా పెట్టెలే నయం. లేస్తే లేస్తాయి, లేకపోతే లేదు. ఒకవేళలూ అయితేలూ ఉండవు వాటికి."

పక్కనే నిలబడి విన్న పెద్దకొడుకు నవ్వలేదు. షెడ్డు నడిపేది అతనే. కాగితం తీసుకుని, రేపటినుంచి రానక్కర్లేదని చెప్పాల్సిన ఆరుగురి పేర్లు రాశాడు. మొదటి పేరు పెట్టెలకి జిగురు రాసే జిగురక్కది. అందరిలోకీ వయసులో పెద్దది ఆవిడే.

"ఆవిణ్ణి కూడానా?" అంది కోడలు ఆ కాగితం చూసి. "ఆవిడ లేకపోతే మన జిగురుకి కంపు తప్ప అంటుకోవడం తెలీదు."

"నాకు మాత్రం సరదానా?" అన్నాడతను.

జిగురక్క ఆ షెడ్డులో చేరి పంతొమ్మిదేళ్ళు. కూతురు నర్సు చదువు ఆఖరి ఏడాదిలో ఉంది. ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే. ఈ పని పోతే పిల్ల పుస్తకాలు మూసేసి ఏ దుకాణంలోనో నిలబడాల్సిందే. ఆ సంగతి పెద్దకొడుక్కీ తెలుసు. అందుకే ఆవిణ్ణి పిలిచి, కాగితం మడుస్తూ విప్పుతూ నిలబడ్డాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, అతని చేతిలో కాగితం చూసి ఆవిడే అంది:

"చూసేశావు కదూ బాబూ?"

"ఏం చూశాను?"

"నెల్లాళ్ళుగా దాస్తున్నా. చిన్నపెట్టెలు మోయలేకపోతున్నాను. ఒకప్పుడు వందేసి పెట్టెల కట్ట చంకన పెట్టుకుని పాడుకుంటూ పోయేదాన్ని. ఇప్పుడు ఒక్కటి ఎత్తబోతేనే నడుం పట్టేస్తోంది. సత్తువ అయిపోయింది. తీసెయ్యాలంటే తీసెయ్, తప్పు పట్టను. పిల్ల పరీక్షలయ్యేదాకా ఊడవడానికైనా ఉండనిస్తే..."

మామ్మ ఇటు తిరిగింది. "ఏ పెట్టెలే?"

"అవే మామ్మగారూ, అరచేతిలో పట్టేవి. కుట్టుమిషను సూదులకీ, కుళాయి వాషర్లకీ, ఫ్యాను బేరింగులకీ చేస్తామే."

"సరుకు నింపినవా?"

"ఎక్కడిది? ఖాళీవే."

మామ్మ లేచి నిలబడింది.

తాతగారు షెడ్డు పెట్టిన ఏడాది ఒకే కొలత పెట్టె చేసేవారు. పెద్దదీ అదే, చిన్నదీ అదే. కొలతలు పదహారయ్యాక కూడా చెయ్యి మాత్రం పెద్దదాని మీదే వేశారు. మిగిలిన అట్టముక్కలతో చేసే చిన్నపెట్టెలు ఎవరికి పట్టాయి? వాటికి జిగురు రాసేదీ జిగురక్కే, వెనకగదిలోకి మోసుకెళ్ళేదీ జిగురక్కే. పెట్టె బరువెక్కితే ఆవిడ తన వయసనుకుంది.

వెనకగదిలో చిన్నపెట్టెలు పేర్చిన చెక్క అర, నులకమంచంలా కిందికి కుంగిపోయి ఉంది. మామ్మ ఒక పెట్టె మీద చెయ్యి వేసింది. రాలేదు. రెండు చేతులూ వేసింది, మోకాలి దాకా వచ్చింది. "పెద్దోడా, ఇలా రా" అని కేకేసింది. పెద్దకొడుకు వచ్చి సూదులపెట్టె ఎత్తబోయి ముఖం ఎర్రబడి దించేశాడు.

"ఏంటండీ, ఖాళీ డబ్బాతో కుస్తీ పడుతున్నారు?" అంది కోడలు, గుమ్మంలోంచి.

మామ్మ మళ్ళీ చిన్నకొడుక్కి ఫోను కలిపింది. "ఒరేయ్, పెద్ద సామాన్లు కొనలేని జనం ఏం చేస్తార్రా?"

చిన్నకొడుకు ఆలోచించాడు. "ఉన్నవాటినే బాగుచేయించుకుంటారు."

"అది రాశావా?"

"...లేదమ్మా."

"రాయి మరి."

పెద్దకొడుకు జిగురక్క ఎదుట తల వంచుకుని నిలబడ్డాడు. "నీ నడుం మంచిదేనక్కా. మేమే అడగలేదు" అన్నాడు. ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే నేలమీద కూర్చుని, సూదులపెట్టెని ఒళ్ళోకి లాక్కోబోయి, బరువుకి లాగలేక ఏడుస్తూనే నవ్వేసింది.

మామ్మ చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. "చెప్తూనే ఉన్నావు తండ్రీ. ఒక మనిషి నడుం మీద పెట్టి మరీ చెప్పావు. వినిపించుకోనిది మేమే." కళ్ళు తెరిచి, అలమరలోంచి నొప్పుల మందు తెచ్చి జిగురక్క వెనకాల చతికిలబడింది. "అటు తిరుగు. దేవుడికి దణ్ణం అయింది, ఇక నీ నడుముకి చెయ్యాలి."

ఆ సాయంత్రమే మిషను మీంచి పెద్ద అచ్చు దింపి చిన్న అచ్చు ఎక్కించారు. ఆ మూడు నెలలూ ఆ ఇంటిని గట్టెక్కించినవి సూదులపెట్టెలూ వాషరుపెట్టెలే. ఆ పిల్ల పుస్తకాలు మూయలేదు. కాని అవన్నీ తర్వాతి సంగతులు.

మర్నాడు పొద్దున్న ఇంటిల్లిపాదీ స్నానాలు చేసి, టీలు కూడా తాగకుండా షెడ్డుకి వచ్చారు. తాతగారి పెద్దపెట్టె ఉండే చోట సూదులపెట్టెని పెట్టి, ఒకరి తర్వాత ఒకరు దాని మీద చెయ్యి వేశారు. పెద్దకొడుకు నిన్నటి కాగితం జేబులోంచి తీశాడు. చింపలేదు. ఆ పెట్టెలు మోయడానికి ఇద్దరేసి కావాలి కాబట్టి ఆరు పేర్ల పక్కనా జతకి ఇంకో ఆరు పేర్లు రాసి గోడకి అంటించాడు. జిగురక్క పక్కన రాసిన పేరు మామ్మ కొట్టేసి తనని రాసుకుంది.

ఎనిమిదింటికి లారీ వచ్చింది. పైన ఫ్రిజ్ పెట్టెలు కప్పుకి తగులుతూ మెల్లగా ఊగుతున్నాయి. కింద ఇద్దరు ఆడవాళ్ళు అరచేతిలో పట్టే పెట్టెని చెరోవైపు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ బయల్దేరారు.

"నిదానం మామ్మగారూ, గడప ఉంది."

"ఖాళీదే కదే!"

"ఖాళీదే" అంది జిగురక్క, ఇంకాస్త గట్టిగా పట్టుకుంటూ.