చేత్తో రాసినట్టు

2001 ఫిబ్రవరి 8, గురువారం ఉదయం పది గంటలకు ఉయ్యూరు నుంచి శుభలేఖ వెనక్కి వచ్చింది. తెచ్చినవాడు హనుమయ్య. వెంకటసుబ్బారావుగారి దగ్గర పనిచేసే మనిషి. చెప్పులు విప్పకుండా గుమ్మం బయటే నిలబడి కవరు చాపాడు.

"మిషను చేత పిలిపించారు కాబట్టి పెళ్ళికి మిషన్నే పంపుతానన్నారండీ మా అయ్యగారు. ఇట్టాగే చెప్పమన్నారు. నన్నేం అనుకోమాకండి."

హైమవతి చేతుల నిండా జంతికల పిండి. కవరు అత్తగారు రావమ్మ అందుకుంది. పేరు చూసింది, కోడలి వంక చూసింది.

"చేత్తో రాయమన్నానా లేదా?"

"చేత్తోనే రాశానండీ అత్తయ్యగారూ."

"మరి మీ ఆయన షాపులో కొట్టినట్టుందేంటే?"

ఆ ఇంట్లో శుభలేఖ ఎక్కడ అచ్చువేయించినా కవర్ల మీద పేర్లు ఇంటి కోడలే రాయాలి. రావమ్మ అత్తగారి నాటి నుంచీ అదే పద్ధతి. ఆడపడుచు స్వర్ణ పెళ్ళికి కవర్లన్నీ హైమవతే రాసింది. వంటకీ వడ్డనకీ మధ్య, వంటింటి గట్టు మీదే. మర్నాడు పొద్దున రావమ్మ నాలుగు మూలలా పసుపు పెట్టింది, కళ్ళజోడు లేకుండా. వెంకటసుబ్బారావు పోయిన మామగారికి అన్న. పెళ్ళిలో తండ్రి స్థానంలో కూర్చోవలసిన మనిషి ఆయనే.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్త పూర్ణచంద్రరావు కవరు వెలుతురులో పెట్టి చూశాడు. షాపుకి ఫోన్ చేసి, కవర్లు అక్కడేమైనా ప్రింటు తీశారా అని ఆపరేటర్ కరిముల్లాని అడిగాడు. లేదన్నాక పెట్టేశాడు. భార్యని మాత్రం అడగలేదు.

"సరే, నువ్వే రాశావు. నమ్మేదెవరు? ఇంకోటి రాయి హైమా. కొంచెం వంకరగా రాయి. చేత్తో రాసినట్టుండాలి."

అన్నం తిని వెళ్ళిపోయాడు. కంచం తీస్తూ హైమవతి ఆ మాటని ఎటు తిప్పి చూసినా అర్థం కాలేదు.

నాలుగేళ్ళ కిందట గవర్నర్‌పేటలో పూర్ణచంద్రరావు డీటీపీ సెంటర్ పెట్టాడు. ఊళ్ళో అన్ని షాపుల్లోనూ అవే అక్షరాలు. ఒకరోజు పప్పుల డబ్బాల మీద భార్య అంటించిన చీటీలు చూసి ఆగాడు. కంది, మినుములు, శొంఠి. డబ్బాల మీద నుంచి చీటీలు ఊడదీసి పట్టుకెళ్ళాడు. సాయంత్రానికి కరిముల్లా గళ్ళ కాగితాలు పంపాడు. పైన 'పేరు' అని ఒక గడి, కింద అక్షరానికొక గడి. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు. రాసిస్తే స్కాన్ చేసి కంప్యూటర్లో ఫాంటుగా ఎక్కిస్తారు. "ఎటూ ఖాళీయేగా, టీవీ చూస్తూ రాసెయ్" అన్నాడు భర్త. ఆమె టీవీ ముందు కూర్చున్నది ఎప్పుడో అతనే చెప్పాలి. అయినా రాసింది. ఎందుకంటే, ఆ ఇంటికి వచ్చాక వండినదేదీ సాయంత్రం దాకా మిగల్లేదు, ఉతికినదేదీ వారం నిలవలేదు. అక్షరం నిలిచింది. జంతికల గొట్టం లోంచి దిగినట్టు మెలికలు తిరిగే అక్షరాలకి 'జంతికలు' అని పేరు రాసింది. తలకట్లు తీగ మీద ఆరేసిన బట్టల్లా వేలాడేవాటికి 'దండెం'. చిటపటలాడేవాటికి 'పోపు'. పేర్లు పెడుతున్నప్పుడు ఒక్కతే నవ్వుకుంది. భర్త చూసి ఆమెకంటే ఎక్కువ నవ్వాడు. "పెళ్ళికార్డు పోపులో వేయమని అడుగుతారా ఎవరైనా?" ఫాంట్లు మెనూలోకి ఎక్కేసరికి వాటి పేర్లు పూర్ణ, రావమ్మ, స్వర్ణ అయ్యాయి. కరిముల్లా ఒక్కడే ఫోన్లో, "మేడమ్, కస్టమర్లకి పూర్ణ అంటే గుర్తుండట్లేదండీ. జంతికలంటే నవ్వుతూ అడుగుతున్నారు" అన్నాడు. ఆ సంగతి ఇంట్లో చెబితే, "ఇంటి మనిషివి, నీకు పేర్ల గొడవ ఎందుకే?" అంది రావమ్మ. హైమవతి పేరుతో ఏ ఫాంటూ లేదు. అది ఎవరికీ తట్టలేదు. ఆమెకీ తట్టలేదు.

తర్వాత ఊరంతా ఆమె రాత కనిపించింది. బెంజ్ సర్కిల్ దగ్గర వాల్‌పోస్టరు మీద, పామర్రు బస్సులో ఎవరో అంటించిన ట్యూషన్ కాగితం మీద, తను కొన్న పచ్చడి సీసా మీద. మొదట్లో సంతోషం. తర్వాత ఏమిటో తెలియలేదు.

ఇప్పుడు కవరు ముందు పెట్టుకుని చూసింది. వెంకటసుబ్బారావు అన్న పేరులో 'వ'ను చివరి 'రావు'లోని 'వ'తో పోల్చింది. తేడా లేదు. మిషను అక్షరం ప్రతిసారీ ఒకేలా వస్తుందని కరిముల్లా చెప్పాడు. మనిషి చెయ్యి అలా రాదన్నాడు. మరి తన చేతికి ఏమైంది? గళ్ళల్లో రాసీ రాసీ తను మిషనుకి నేర్పిందా, మిషను తనకి నేర్పిందా? పెళ్ళికి ముందు తన రాత ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. కొత్త కవరు తీసి వంకరగా రాసింది. వంకర కూడా చక్కగా వచ్చింది. ఇంకోటి రాసింది. అదీ అంతే. వెంకటసుబ్బారావుగారు అన్నది నిజమేమో, వీటిని తను రాయలేదేమో అని ఒక క్షణం అనిపించింది. ఆ తర్వాత ఆ అనుమానానికే భయమేసింది.

పెరట్లో రావమ్మ, స్వర్ణ మాట్లాడుకుంటున్నారు. హైమవతి తలుపు దగ్గరికి వేసింది. పెన్ను ఎడమచేతిలోకి మార్చుకుంది. శుభకార్యానికి ఎడమచెయ్యి. చూస్తే రావమ్మ పెళ్ళే ఆపుతుంది. 'శ్రీ' రాయడానికే చాలాసేపు పట్టింది. 'వెం' పక్కకి ఒరిగింది. 'రావు' కిందికి జారింది. ఏ అక్షరం ఎలా వస్తుందో దించేదాకా ఆమెకే తెలియలేదు.

రావమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. "ఇదీ రాతంటే. ముందే ఏడవచ్చుగా?"

పెళ్ళికి వెంకటసుబ్బారావు వచ్చాడు. పీటల మీద తండ్రి స్థానంలో కూర్చున్నాడు. అక్షింతలు వేశాక కోడలిని పిలిపించాడు.

"మొదటిది ఎవరు కొట్టారో గానీ, రెండోది నువ్వే రాశావు. తెలిసిపోలా? ఒక్కక్షరం ఇంకోదాన్ని పోలి లేదు. నూరేళ్ళు చల్లగా ఉండమ్మా."

ఆమె దణ్ణం పెట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటిదీ నేనేనండీ అనబోయి ఊరుకుంది. ఆ మాటా పూర్తిగా నిజమో కాదో అప్పటికి ఆమె తేల్చుకోలేదు.

పక్కనే ఉన్న పూర్ణచంద్రరావు ఆ కవరు అడిగి తీసుకున్నాడు. పెళ్ళివారు వెళ్ళిన మర్నాడు గళ్ళ కాగితాలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

"ఈ రాత కొత్తగా ఉంది హైమా. పిల్లల పుట్టినరోజు కార్డులకి బాగా పోతుంది. మొత్తం రాసెయ్. పేరు కూడా ఈసారి నీ ఇష్టం. పోపు అను, పప్పు అను, నేను మార్చను."

"మార్చరుగా?"

"మార్చనన్నానుగా."

సోమవారం పొద్దున అతను స్కూటర్ తీస్తుంటే ఆమె కాగితాలు మడిచి, రబ్బరుబ్యాండు వేసి ఇచ్చింది. అతను విప్పి చూడలేదు. షాపులో కరిముల్లా స్కానర్ మూత ఎత్తి, కట్ట విప్పాడు. ఒక్కో కాగితం తిప్పాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు. మొదటి కాగితం మీద, 'పేరు' అన్న గడిలో, పక్కకి ఒరిగిన అక్షరాలతో 'హైమవతి' అని ఉంది. మిగతా గళ్ళన్నీ ఖాళీ.