వెర్నీస్ పొగపొయ్యి బేరం

నా వంట బాగుందని నా భార్య వెర్నీస్ అన్న రోజే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పొంగిపోయాను.

అది మార్చి మొదటి వారం. రొట్టె మీద గ్రేవీ పోసి పెట్టాను. తిని, "ఉప్పు సరిగ్గా పడింది ఆర్జెల్, చాలా బాగుంది" అంది. నేను రిటైరైనప్పటి నుంచి, అంటే నాలుగేళ్ళుగా, పొద్దుటి వంట నాదే. ఆ నాలుగేళ్ళలో ఆవిడ నోట నేను విన్న అతి పెద్ద మెప్పు "ఇవాళ మింగుడు పడుతోంది" అన్నదే. అలాంటిది వరసగా మూడు వారాలు రోజూ పొగడ్తే. నేనేమో చేయి తిరిగిందనుకుని గుడ్లలో మిరియాలు వేయడంలో కొత్త పోకడలు కూడా పోయాను.

ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసిన ఉద్యోగం ఇళ్ళ కప్పులెక్కడం. వడగళ్ళకి కప్పు పాడైంది, డబ్బివ్వండి అని జనం బీమా కంపెనీకి అర్జీ పెట్టుకుంటారు. ఆ సొట్టలు వడగళ్ళవా, సుత్తితో కొట్టినవా అని తేల్చడం నా పని. నేను నిచ్చెన పట్టుకోగానే చల్లటి టీ తెచ్చి, "మీలాంటి నిజాయితీపరుడు ఈ జిల్లాలో లేడండీ" అన్నవాడి కప్పు మీద నూటికి తొంభై సుత్తి సొట్టలే. పొగడ్త వినబడితే పైకెక్కి చూడాలని అంత తెలిసినవాణ్ణి, సొంతింట్లో మూడు వారాలు మోసపోయాను.

నా కళ్ళు తెరిపించింది పొగపొయ్యి.

మా తూర్పు టెక్సస్‌లో జూన్ పందొమ్మిది పెద్ద పండగ. బానిసలుగా బతికిన మా పెద్దల చెవిన స్వేచ్ఛ కబురు పడ్డ రోజది. ఆ సాయంత్రం చర్చి వెనక అరవై డెబ్భై మందిమి కలిసి తింటాం. మాంసం వండే వంతు వెర్నీస్‌ది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడదే, అంతకుముందు వాళ్ళ నాన్నది. బ్రిస్కెట్ అంటే గొడ్డు ఛాతీ ముక్క, మొండి ముక్క. మంట తగలకుండా, మూత కింద పొగలో పది పన్నెండు గంటలు మగ్గితేగాని మెత్తబడదు. ఆ పన్నెండు గంటలూ వెర్నీస్ కుర్చీ వేసుక్కూర్చుని ముక్కుతో వండుతుంది. అతిశయోక్తి కాదు, ముక్కుతోనే. ఎప్పుడన్నా లేచి లోపల అంట్లు తోముతున్నా కిటికీలోంచి, "ఆర్జెల్, ఆ పచ్చికట్టె తీసెయ్, పొగ పాడైంది" అని అరిచేది. ఆవిడ వాసన చూడని కట్టె మా పొయ్యిలోకి ఎన్నడూ పోలేదు.

ఆ పాత పొయ్యికి అడుగున తుప్పు పట్టి చెయ్యి దూరేంత కంత పడింది. కొత్తది కొనాలి. ఏడువందల డాలర్లు దాటకూడదని ఇద్దరం ఒప్పుకుని, ఏప్రిల్లో ఒక శనివారం లఫ్కిన్ పట్నంలో పెద్ద కొట్టుకి వెళ్ళాం.

వెళ్ళీ వెళ్ళగానే ఆవిడ కరెంటు పొయ్యి ముందు నిలబడింది. చెక్కపొట్టు గుళికలు డబ్బాలో పోసి మీట నొక్కితే, తన వేడి తనే చూసుకుని తనే వండేసే రకం. అలాంటిది కొన్నవాళ్ళని ఇన్నేళ్ళూ "మాంసానికి ప్లగ్గు పెట్టేవాళ్ళు" అని వెక్కిరించిన మనిషి.

"దీంట్లో వేడి అంకెల్లో కనిపిస్తుందా?" అని అమ్మేవిడను అడిగింది.

"మీ ఫోన్లో కూడా కనిపిస్తుందండీ. మీరు పక్కనే ఉండక్కర్లేదు."

"పొగ వాసన చూడక్కర్లేదా?"

అమ్మేవిడ నవ్వింది. "వాసన దేనికండీ?"

వెర్నీస్ నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఇదే తీసుకుందాం" అంది.

"జ్వరం గానీ తిరగబెట్టిందా నీకు?" అన్నాను. ఫిబ్రవరిలో పది రోజులు మంచం పట్టింది.

"అరవై ఆరేళ్ళొచ్చాయి నాకు. పన్నెండు గంటలు కుర్చీలో కూర్చోలేను. తప్పా?"

"పోయినేడు కూర్చుని, లేచి, డాన్సు కూడా చేశావుగా."

"నోర్ముయ్, కొట్లో ఉన్నాం."

దాని ధర మేం అనుకున్నది దాటిపోవడంతో ఆ పూటకి గండం గడిచింది. పక్కనే కట్టెలది ఇంకోటి ఉంది, చవక. మూత ఎత్తి దించాను. రేకు అప్పడంలా వణికింది, చుట్టూ సందులు. గాలి వీస్తే వేడి నిలవదు, రెండు వానలకి తుప్పు పడుతుంది. ఆ మాట నేను చెప్తుంటే వెర్నీస్ తల ఊపుతూ వింది. పొయ్యి గురించి నేను చెప్పడమేమిటి, ఆవిడ వినడమేమిటి! నాకు లోపల ఏదో కెలికింది.

మర్నాడు చర్చిలో కానుక పళ్ళెం మా వరసకొచ్చింది. చిల్లర కోసం ఆవిడ సంచీలో నేను చెయ్యి పెడితే మాంసం వేడి కొలిచే సూది ఒకటి, చిన్న పుస్తకం ఒకటి తగిలాయి. పుస్తకంలో ఆవిడ చేతిరాత. "నూట అరవై అయిదు డిగ్రీల దగ్గర కాగితం చుట్టాలి. రెండువందల మూడు దగ్గర దించాలి. ఉప్పు మూడు చెంచాలు, కొలిచి." జన్మలో చెంచా పట్టి కొలవని మనిషి!

చుట్టూ పాట పాడుతున్నారు, నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. రెండే కారణాలు తోచాయి. ఒకటి, మా చర్చిలోనే ఉండే సిస్టర్ ఒడెస్సాకి నేర్పుతోంది. ఒడెస్సా పన్నెండేళ్ళుగా ఆ పొయ్యి దగ్గరి కుర్చీ మీద కన్నేసి ఉంది. రెండోది పూర్తిగా అనుకోవడానికే భయమేసింది. తాము లేకపోయినా ఇల్లు గడవాలని కొందరు అన్నీ రాసిపెట్టి పోతారు, అలాంటి రాతలా ఉంది అది. నాకు తెలియకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళిందా? ఆ వారమంతా చెత్తబుట్ట వెతికాను, ఆవిడ ఫోను మాట్లాడుతుంటే తలుపు పక్కన నిలబడ్డాను. అనుమానం పెనుభూతమంటారు. మా ఇంట్లో అది రోజూ నాతో కూర్చుని కాఫీ తాగింది.

"ఏంటలా గుచ్చి గుచ్చి చూస్తున్నావ్?" అంది ఒకరోజు.

"ఏం లేదు. గ్రేవీ ఎలా ఉంది?"

"అద్భుతం. ఉప్పు సరిగ్గా ఉంది."

అప్పుడు తగిలాడు సోవెల్. ఊరి చివర వెల్డింగ్ షెడ్డు అతనిది, ఇద్దరం కలిసి వెళ్ళాం. పాత ట్యాంకులు కోసి పొగపొయ్యిలు చేసి అమ్ముతాడు. పావంగుళం మందం ఇనుము, ఏడడుగుల పొడవు, ఆరువందల యాభై అన్నాడు. ఆ ఇనుము తూకానికి అమ్మినా అంతకంటే ఎక్కువే వస్తుంది.

"ఇంతకుముందు ఈ ట్యాంకులో ఏముండేది?" అన్నాను.

"వంట గ్యాసే సార్."

"ఎవరిది?"

"ఒక రైతుది."

"పేరు?"

"పేరెందుకు సార్, ఆయన పోయాడు."

అడగ్గానే చచ్చిపోయే సాక్షుల్ని నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. "పోతే పోయాడు. మా ఆవిడ చూస్తుందిలే" అన్నాను ధీమాగా.

సోవెల్ గొంతులో వెలక్కాయ పడింది. చుట్టుపక్కల ఆవిడ ముక్కు సంగతి తెలియనివాళ్ళు లేరు. "వెర్నీస్ గారూ, నిన్ననే కాస్త మందు పోసి కడిగానండీ, ఆ వాసన గానీ ఏమన్నా..." అని ఆవిడ అడగకముందే మొదలెట్టాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటున్నాడు.

వెర్నీస్ మూత ఎత్తింది. వాళ్ళ నాన్నలాగే కళ్ళు మూసుకుని, తల లోపల పెట్టి, గుండెల నిండా పీల్చింది.

నాలుగడుగుల దూరంలో ఉన్న నాకే డీజిల్ కంపు గుప్పుమంది. ముక్కు మూసుకున్నాను.

ఆవిడ తల బయటికి తీసింది. "ఓక్ కట్టె కాల్చారు," అంది. "మంచి ఓక్. లోపల శుభ్రంగా ఉంది. తీసుకుందాం."

నేను సోవెల్ మొహం చూశాను. మోసం చేసేవాడి మొహం నాకు తెలుసు, పట్టుబడ్డవాడి మొహమూ తెలుసు. ఇది ఆ రెండూ కాదు. దారిలో పర్సు దొరికినవాడి మొహం. తన అదృష్టాన్ని తనే నమ్మలేకపోతున్నాడు.

వీళ్ళిద్దరూ కూడబలుక్కున్నారేమోనని ఒక్క క్షణం అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. తర్వాత వెర్నీస్ కళ్ళు చూశాను. అవి పొయ్యిని చూడటం లేదు. నన్ను చూస్తున్నాయి. తప్పు చెప్పానా, ఒప్పు చెప్పానా అని నా మొహంలో వెతుక్కుంటున్నాయి.

"పెరట్లో పట్టదు," అన్నాను.

"కొలవకుండానే పట్టదంటే ఎలా సార్?" అన్నాడు సోవెల్.

వెర్నీస్‌ని ట్రక్కెక్కించి తలుపు వేసి వెనక్కొచ్చాను. "ఇది ఇంకెవరికైనా అమ్మావని తెలిసిందో, ఆ రైతు పేరు షెరీఫ్ అడుగుతాడు నిన్ను" అన్నాను వాడి చెవి దగ్గర. వాడు నేల చూపులు చూశాడు.

ట్రక్కు రెండు మైళ్ళు పోనిచ్చాను.

"డీజిల్," అన్నాను.

"ఏంటి?"

"ఆ ట్యాంకులో. కంపు కొట్టి చస్తోంది వెర్నీస్."

ఆవిడ చెయ్యి దానంతటదే ముక్కు మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

"ఎప్పట్నించి?" అన్నాను.

"ఆ జ్వరం తర్వాత. ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగితే వట్టి వేణ్ణీళ్ళు. నాలుగు రోజులు పోతే వస్తుందిలే అనుకున్నా. డాక్టరేమో రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు."

"మరి నా గ్రేవీ?"

"ఉప్పు తెలుస్తుంది. మిగతాదంతా తడిసిన అట్టముక్క."

"అద్భుతమన్నావే!"

"ఏమనమంటావ్? ఎప్పట్లా తిడదామంటే తప్పెక్కడుందో తెలిస్తేగా!"

సిగ్గు విడిచి చెప్తున్నాను, ముందు నాకు కోపమే వచ్చింది. ఇన్ని వారాలు పడ్డ గర్వమంతా బూడిదపాలు. కానీ పక్కన ఆవిడ భుజాలు కదలడం చూశాను. ట్రక్కు రోడ్డు పక్కకి తీసి ఆపాను. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ ఏడవడం అది మూడోసారి.

"ఎవరికీ చెప్పకు ఆర్జెల్. తెలిస్తే మర్యాదగానే కుర్చీ ఒడెస్సాకి ఇస్తారు. తప్పనడానికీ లేదు, కళ్ళు కనపడనివాడికి బస్సు ఇస్తారా? కానీ ఆ పొయ్యి దగ్గర లేకపోతే నేనెవర్ని, చెప్పు? అంకెలు చూసి వండుకుంటాలే. ఆ ప్లగ్గుది కొనిపెట్టు."

"కట్టెలే కాలుద్దాం. వాసన నేను చూస్తా."

ఆవిడ ఏడుపు మధ్యలోనే నవ్వింది. "నువ్వా? తడిసిన కుక్క ఒళ్ళో పడుకున్నా తెలీని ముక్కు నీది!"

"డీజిల్ తెలిసిందిగా ముసలిదానా."

మళ్ళీ లఫ్కిన్ వెళ్ళాం. ఈసారి నిలువు పీపా లాంటిది కొన్నాం. అయిదువందలకి కొంచెం తక్కువ. గట్టి ఇనుము, బిగువు మూత, అడుగున గాలికి ఒక మీట. అడుగున బొగ్గు, కట్టె వేసి, ముక్కల్ని కొక్కేలకి వేలాడదీయాలి. అమ్మేవిడ చెప్పినవేవీ మేం నమ్మలేదు. వెర్నీస్ నా ఫోను దీపం వెలిగించి లోపల పెట్టి, మూత వేసి, చుట్టూ తిరిగి చూసింది. ఎక్కడా వెలుతురు బయటికి రాలేదు. ఇంటికి తెచ్చాక లోపల చుట్టూరా పిండి ఉండలు పెట్టి కాల్చి, ఏ పక్కది ముందు ఎర్రబడుతుందో చూసుకుంది. వేడి ఎటు ఎక్కువో కళ్ళతోనే కనిపెట్టేసింది. మే నెలంతా నాకు చదువు. నా కళ్ళకి గంతలు కట్టి, ముక్కు కింద కట్టెలు పెట్టి, "ఇదేంటి? పెకానా, ఓకా? చెప్పవయ్యా, చర్చిలో నిద్రపోయినట్టు నిద్రపోకు" అని వేపుకు తినేది.

జూన్ పందొమ్మిదిన తెలతెలవారుతుండగా అంటించాం. సాయంత్రానికి మాంసం చర్చి వెనక బల్లల మీదికి చేరింది.

ఒడెస్సా మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, "సిస్టర్ వెర్నీస్, పోయినేటికన్నా బావుంది" అంది. పాస్టరు గారు రెండోసారి వరసలో నిలబడ్డారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆవిడ భుజం తట్టి పోతున్నారు. ఒక్కో పొగడ్తకీ వెర్నీస్ మొహం ఇంకాస్త బిగుసుకుంటోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు జనం నా మొహంలో చూసిందే.

చివరికి నా మోచెయ్యి పట్టుకుని వంటబల్ల వెనక్కి లాక్కుపోయింది.

"నీ గ్రేవీని నేను పొగిడినట్టే పొగుడుతున్నారు వీళ్ళు," అంది. "మొహమాటానికో, నిజానికో తెలీట్లా. ఒక్కళ్ళనీ నమ్మలేకపోతున్నా. నువ్వు చెప్పు." అంచు నుంచి ఒక ముక్క కోసి నా నోట్లో పెట్టింది.

నమిలాను. అంచున మసి కంపు ఉంది. కొంచెమే, ఆకలి మీదున్నవాడికి తెలియదు. కానీ ఉంది. పొద్దున పక్కనే కూర్చుని కూడా నా ముక్కు అది పసిగట్టలేకపోయింది. అద్భుతం అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ కోసం ఆ అబద్ధం ఆడాలని ప్రాణం కొట్టుకుంది. ఆవిడేమో రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది.

"అంచు బాలేదు," అన్నాను. "మసి వాసనొస్తోంది."

ఆవిడ ఊపిరి బిగబట్టింది.

"ఎలాంటి మసి? దీపం మసా, తడికట్టె మసా?"

"తడికట్టెది."

"ఎంత లోతుంది?"

"గోరంత. లోపల్లేదు."

"రెండోసారి వేసిన కట్టెలు," అంది, తనలో తను. "గాలి మీట తొందరపడి మూసేశా. కట్టె ఊపిరాడక తడికట్టెలా మసి పట్టింది. అంతే, అదే." భుజాలు కిందికి జారాయి. నాలుగు నెలల్లో ఆ మొహం అంత తేటగా చూడలేదు నేను. "ఇప్పుడు మధ్యది చూడు."

"మధ్యది బావుంది."

"బావుందా, మొగుడివి కాబట్టి అంటున్నావా?"

"బావుంది వెర్నీస్. వెన్నలా ఉంది. చివర్లో పెకాన్ పొగ తెలుస్తోంది."

"ముందు తెలుస్తోందా, మింగాక తెలుస్తోందా?"

"మింగాక."

"ఊఁ," అని ఆవిడ కత్తి తీసుకుని రెండో బ్రిస్కెట్ వైపు తిరిగింది. బల్లల దగ్గర్నుంచి ఒడెస్సా కేకేసింది. "సిస్టర్ వెర్నీస్! ఇక్కడ పళ్ళేలు ఖాళీ! ఏం చేస్తున్నావక్కడ?"

"ఆగమను వాళ్ళని!" అని వెర్నీస్ గట్టిగా అరిచింది, నా గడ్డం పట్టుకుని ఇంకో ముక్క నా నోట్లో పెడుతూ. "రుచి చూస్తున్నా!"