కష్టాల వరుసలో కొత్త బోర్డు

మా క్యుబెక్ పల్లెల్లో పొలాలు బారులు తీరిన రోడ్డును వరుస అంటారు; మా రోడ్డు పేరు కష్టాల వరుస. నూట అరవై ఏళ్ల కిందట అడవి కొట్టి పొలాలు చేసుకున్న పదకొండు కుటుంబాలు ఇక్కడ బంగాళాదుంపలు నాటితే, మరుసటి ఏడు మంచు కరిగేసరికి నేలంతా రాళ్లు తేలాయట. ఇప్పటికీ ప్రతి వసంతంలోనూ తేలుతూనే ఉన్నాయి. ఏరిన మొదటి రాయిని ప్రతి ఇంటివాళ్లూ రోడ్డు మలుపులో ఉన్న శిలువ కింద పెట్టి రావడం మా ఆనవాయితీ.

ఈ ఏప్రిల్‌లో మేయర్ అల్సిద్ ఆ పేరు తీసేసి లైలాక్ బాట అని పెడతానన్నాడు. క్యుబెక్ నగరం వాళ్లు సెలవుల ఇళ్లకు స్థలాలు చూడడానికి వచ్చి, పేరు చదివి వెనక్కి పోతున్నారట.

ఊరి కౌన్సిల్ సభలో మా అత్తగారు దెల్వినా లేచింది. ఆవిడకు ఎనభై ఒక్క ఏళ్లు.

"ఏమయ్యా అల్సిద్, మా రోడ్డు మీద ఒక్క లైలాక్ పూల మొక్క చూపించు."

"నాటిస్తాం, దెల్వినా గారూ. కష్టాల్లో ఇల్లు ఎవరు కొంటారు చెప్పండి?"

"మేం కొన్నాం, నడుములు విరగ్గొట్టుకుని. శిలువ కింద మీ తాత పెట్టిన రాళ్లూ ఉన్నాయి. వాటికేం పేరు పెడతావు?"

అందరూ నవ్వారు. అల్సిద్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కౌన్సిల్‌లో నాలుగు ఓట్లు కొత్త పేరుకు, రెండు పాత పేరుకు పడ్డాయి.

"ఇంక చేసేదేముంది, అత్తయ్యా?" అన్నాను కారులో.

"వాళ్లింకా బోర్డు పాతాలిగా," అంది.

సోమవారం రోడ్ల పనివాడు ఎల్జియార్ బోర్డు తెచ్చాడు. అత్తయ్య వంటింటి కుర్చీ వేయించుకుని గట్టున కూర్చుంది. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. గొయ్యి తవ్వే యంత్రం అడుగు లోతుకు దిగి కీచుమంది. రాయి. పక్కకు జరిగాడు. మళ్లీ రాయి. మూడోసారి యంత్రం పన్ను విరిగింది.

"ఇంకాస్త అటు జరుగు నాయనా, అక్కడ ఇంకా పెద్దది ఉంది," అంది అత్తయ్య.

"ఎగతాళి చాల్లేమ్మా. ఎవరైనా గడ్డపార ఇవ్వండి."

గడ్డపార లేని ఇల్లు మా వరుసలో లేదు. ఎవరూ కదల్లేదు. నేను మాత్రం అతనికి కాఫీ ఇచ్చాను.

తాగి, చేత్తోనే ఒక రాయి పెకిలించాడు. "దీన్నెక్కడ పడేయను?"

"పడేస్తావా? మీ అమ్మ ఈ వరుసలోనే పుట్టిందయ్యా."

ఎల్జియార్ దాన్ని మోసుకెళ్లి శిలువ కింద పెట్టాడు. వచ్చి బోర్డును మళ్లీ బండిలోకెక్కించాడు.

"రేపు పెద్ద యంత్రంతో వస్తాం."

"రండి. మా దగ్గర రాళ్లకేం కొదవ?"

ఆ సాయంత్రం మా ఉత్తరాల పెట్టె మీద వెలిసిపోయిన 'కష్టాల వరుస' అన్న అక్షరాలను నల్లరంగుతో మళ్లీ దిద్దాను. చీకటి పడేసరికి వరుసలోని పదకొండు పెట్టెల మీదా రంగు తడి మెరుస్తోంది.