ఈ ఆర్డరు అయ్యాక

"పోయినాయనకు మీరేమవుతారు?" అని లాయరు ఆమెను అడిగింది.

పక్క కుర్చీలోని మరిది అందుకున్నాడు. "మా వదినండీ. అన్నయ్య భార్య. ఇందులో అడగడానికేముంది?"

లాయరు బల్ల మీది విడాకుల తీర్పును కొద్దిగా ముందుకు జరిపింది. "ఇది ఉంది కదా."

ఉంది. ఆమే తెచ్చి ఇచ్చింది.

భార్యాభర్తలిద్దరూ పటాలకు ఫ్రేములు కట్టే దుకాణం నడిపారు. అతను కర్ర కోసేవాడు, ఆమె అద్దం కోసేది. ఒకప్పుడు మాటా మాటా పెరిగి విడాకులకు అర్జీ పెట్టుకున్నారు. విచారణ రోజుకు కోపం చల్లారింది. అయినా విడాకులు కావాలా అని జడ్జి అడిగినప్పుడు, అతను కాదంటాడని ఆమె, ఆమె కాదంటుందని అతను ఎదురుచూస్తూ, ఇద్దరూ అవునన్నారు.

మెట్లు దిగుతూ ఆమె అడిగింది. "ఎందుకన్నావు?"

"నువ్వన్నావు కనక."

ఆ సాయంత్రం ఒక నిలువుటద్దం ఇవ్వవలసి ఉంది. నేరుగా దుకాణానికి వెళ్ళి పనిలో పడ్డారు. రాత్రి ఒకే ఇంటికి వెళ్ళారు. ఆ తర్వాత విడిగా ఉన్నది లేదు.

అప్పుడప్పుడు అతను జిగురు కుంచె పట్టుకునే అడిగేవాడు. "మళ్ళీ చేసుకుందామా?"

"ఈ ఆర్డరు అవనీ," అనేది ఆమె.

"నీ ఆర్డర్లయ్యేసరికి నాకు పళ్ళు ఊడతాయి."

"ఊడనీ. అప్పుడు నిన్నింకెవరూ అడగరు."

లాయరు గొంతు తగ్గించి చెప్పింది. "తీర్పు తర్వాత మళ్ళీ పెళ్ళి జరగలేదు. ఎన్నేళ్ళు కలిసి ఉన్నా, చట్టం దృష్టిలో మీరు భార్య కారమ్మా. పిల్లలు లేరు, ఆయన తల్లిదండ్రులూ లేరు, వీలునామా లేదు. దుకాణం ఆయన తమ్ముడికే వస్తుంది."

"వస్తే వదినకే రాసిచ్చేస్తాను," అన్నాడు మరిది. "నాకెందుకండీ? ఒకసారి మేకు కొట్టమని సుత్తి ఇచ్చి, అయ్యాక మా అన్నయ్య గోడను పరామర్శించాడు."

ఆమె పెదవులు కదిలాయి. నవ్వు మాత్రం రాలేదు.

"దుకాణం గురించి కాదండీ," అంది లాయరుతో. "నేను ఆయన భార్యనని రాయించుకునే దారి ఉందా? చనిపోయినవాళ్ళను పెళ్ళి చేసుకోవడానికి వీలుంటుందా?"

లాయరు తల అడ్డంగా ఊపింది. "మన చట్టంలో లేదమ్మా."

చట్టం మీద ఆమెకు కోపం రాలేదు. ఆనాడు అది అడిగింది, తామిద్దరూ చెప్పారు. చెప్పినదాన్ని అది అలాగే నమ్మింది. మనిషి పైకన్న మాట వెనుక అనని మాటను వెతకడం మనుషుల పని. ఆ పనిలో అతనికీ తనకూ ఒక్క పూట ఆలస్యమైంది.

"దానపత్రంలో నన్ను వదిన అనే రాయండి," అన్నాడు మరిది, తడబడి. "అంటే, ఆమెను."

"అది నీ మాట నాయనా," అంది ఆమె. "చల్లగా ఉండు. నాకు ఆయన మాట కావాలి."

సంతకాలకు మర్నాడు వస్తామని చెప్పి ఇద్దరూ లేచారు.

ఆమె ఒక్కతే దుకాణం తెరిచింది. పని బల్ల మీద అతను చివరిసారి జిగురు పెట్టి క్లాంపుతో బిగించిన ఫ్రేము అలాగే ఉంది. ఒక రాత్రి ఆరితే చాలు. వారాలు గడిచాయి. పటం తెచ్చిచ్చిన టీచరు రెండుసార్లు వచ్చి, తొందర లేదని చెప్పి వెళ్ళింది.

ఆమె మర తిప్పింది. క్లాంపు వదులైంది. నాలుగు మూలల్లో ఒక్కటీ కదలలేదు. వేలితో తడిమితే ఎక్కడ అతికిందో తెలియలేదు. అద్దం కొలిచి కోసింది. పటం అమర్చి, వెనుక అట్ట బిగించి, గుడ్డతో తుడిచింది.

అతను కూర్చునే ఎత్తు పీట వైపు ఫ్రేమును తిప్పి పట్టుకుంది.

"ఇదిగో," అంది. "ఆర్డరయింది."

వీధిలో ఎవరో నడిచి వెళ్ళారు. అడుగుల చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయేదాకా ఆమె ఫ్రేమును అలాగే పట్టుకుని నిలబడింది.