కాలూనే చోటు

కృపారాణి పట్టకారు కొసతో సిలికోన్ పొర అంచును పట్టుకుని, ఊపిరి బిగబట్టి, అచ్చు మీద నుంచి మెల్లగా లేపింది. రాత్రంతా ఓవెన్‌లో గట్టిపడిన పాలిమర్ అది. తొందరపడితే చిరుగుతుంది, మధ్యలో ఆగితే గీత పడుతుంది. ఆమె ఎడమ ముంజేతి మీద, డయాలిసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన నరం తాడులా ఉబ్బి జుమ్ముమని కొట్టుకుంటోంది. ఆ చేతిని బల్లకు ఆనించి కుడిచేత్తో లాగింది. పొర చిరగకుండా ఊడివచ్చింది. చూపుకు నున్నగానే ఉంది గానీ, దాని మీద వెంట్రుక కన్నా సన్నని గట్లు, గట్ల మధ్య సాళ్లు ఉన్నాయి.

మార్కాపురం శివార్లలోని ఫార్మసీ కాలేజీలో మేడ మీద చివరి గది ఆమెది. కిటికీ అవతల పలకల ఫ్యాక్టరీలు పారబోసిన రాతిముక్కల గుట్టలు. ఎమ్మెస్సీ చదివి ఇక్కడ ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరిన కృపారాణి అదే ఉద్యోగంలో నలభైకి దగ్గరపడింది. బయటికి వెళ్లే పరిశోధన పత్రాల్లో ఆమె పేరు చివర ఎక్కడో ఉండేది, ఒక్కోసారి ఉండేదీ కాదు.

ప్రాణమున్న కణాన్ని నున్నటి పాలిమర్ మీద వేస్తే నిలవదు. ముడుచుకుని, తేలిపోయి, చచ్చిపోతుంది. కాలూనడానికి దానికి కాస్త గరుకు కావాలి. ఆ గరుకు ఎలా ఉండాలో గీయడమే కృపారాణి పని. ఎప్పుడో ఒక కుక్క మూత్రపిండం నుంచి తీసి, తరతరాలుగా ల్యాబుల్లో పెంచుతున్న కణాలు వీళ్ల దగ్గర ఉన్నాయి. అలాంటి కణాలు ఇలాంటి పొరల మీద సందు లేకుండా పరుచుకుంటే, ఏనాటికైనా మూత్రపిండం పనిచేసే యంత్రం ఒకటి తయారవుతుందని ఆశ. అది తన కాలానికి అందదని ఆమెకు తెలుసు.

నిలువు సాళ్లు గీస్తే కణాలు సందులో గొర్రెల్లా ఒకే వరసన పోయాయి, పక్కకు తిరగలేదు. యర్రగొండపాలెం దగ్గర నాయన కరుణాకరం కౌలుకు చేసిన కంది చేలో గట్లకు అక్కడక్కడా గండ్లు ఉండేవి. ఆమె గట్లకూ అలాగే గండ్లు పెట్టింది. నాయన కూడా మూత్రపిండాలు చెడిపోయే పోయాడు. ఊరి నీళ్ల వల్ల అన్నారు కొందరు, కాదన్నారు కొందరు. ఏదీ తేలకముందే ఆయన్ని పూడ్చిపెట్టారు.

ప్రాజెక్టు పెద్ద మధుసూదన్ లోపలికొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. చెప్పలేక చెప్పాడు.

"కృపా, మేనేజ్‌మెంట్‌తో మాట్లాడాను. ఆరు నెలలు ఇంట్లో ఉండు. జీతం ఆగదు. నీ పని వేరేవాళ్లు చూస్తారు."

"నేను సెలవడిగినానా సార్?"

"నీ మంచికే చెప్తున్నా."

"డయాలిసిస్ రోజు మధ్యాహ్నం దాకా వస్తున్నా. మిగతా రోజులు పొద్దుగూకేదాకా ఈడనే ఉంటున్నా. నా పనిలో ఏడన్నా తప్పుంటే చూపించండి, ఇప్పుడే పోతా."

"తప్పేం లేదు. మొన్న మెట్ల మీద కూలబడిపోయావు. నేను చూడలేకపోతున్నా."

"అయితే నన్ను చూడొద్దు సార్. కణాల్ని చూడండి."

ఆయన మంచివాడు. అందుకే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. చెడ్డవాళ్లతో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలుసు. పాపం అనే ముఖాలతో పోట్లాడటమే కష్టం.

మధ్యాహ్నం తల్లి వెంకాయమ్మ క్యారేజీ తెచ్చింది. కూరగాయలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, ఉప్పు లేకుండా చేసిన కూర. వరండాలో పక్కన కూర్చుని కూతురి కాళ్ల వాపు మీద వేలితో నొక్కి చూసింది. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఆ కుక్క కణాలేందో నీకు పెడతామంటే నేనేమన్నా అంటానా? నీకు అందనిదానికి ఎందుకే ఈ తిప్పలు?"

"అమ్మా, ఇన్నేళ్లు కూలికి పోయి కోసిన కందులన్నీ నువ్వే తిన్నావా?"

వెంకాయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తినలే. అయినా కోసినాగా," అంది. ఆపైన, "సరే, ముద్ద నోట్లో పెట్టుకో," అని గద్దించింది.

ఆస్పత్రికి బయల్దేరే ముందు కృపారాణి ఇంక్యుబేటర్ తెరిచి, గండ్లు పెట్టిన పొర మీద వారం కింద కణాలు నాటిన పళ్లెం తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కణాలు ఒకదానికొకటి ఒరుసుకుని, పరిచిన బండల్లా సందు లేకుండా ఉన్నాయి. అక్కడక్కడా మసకగా గుండ్రటి మచ్చలు కనబడ్డాయి. చచ్చిన కణాలేమో అనుకుంది. ఫోకస్ తిప్పింది. మచ్చలు తేటబడి, చుట్టూ ఉన్నవి మసకబారాయి. మచ్చలు కావవి, బుడిపెలు. కణాల పొర అక్కడ పైకి ఉబ్బింది. కణాలు పైనున్న నీళ్లను తోడి కిందికి పంపితేనే అలా ఉబ్బుతుంది. మూత్రపిండంలో చేసే పనే.

"సార్!" ఆమె కేకకు మధుసూదన్ పరుగెత్తుకొచ్చాడు. కళ్లద్దాలు తీసి చాలాసేపు చూశాడు.

"తోడుతున్నాయి," అన్నాడు చివరికి.

"నా లోపలివి చేతులెత్తేసిన పని ఈ కుక్కవి చేస్తున్నాయి!" పగలబడి నవ్వింది. నవ్వుకు ఆయాసం వచ్చి బల్ల పట్టుకుంది. "ఒక్క పళ్లెం చాలదు సార్. మళ్లీ మళ్లీ రావాలి. అంచుల్లో ఇంకా ఊడొస్తున్నాయి. గట్లు ఏటవాలు చేయాల. సెలవు మాట ఎత్తితే ఈ పళ్లెం నా వెంట తీసకపోతా!"

ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

డయాలిసిస్ గదిలో పక్క మంచం యల్లయ్యది. పెద్దదోర్నాల వైపు గొర్రెలు కాసే మనిషి. సూదులు గుచ్చించుకుంటూ ఆమె వైపు తిరిగాడు.

"ఏంది పాపా, మొగం ఎలిగిపోతాంది?"

"నా మంద కుదురుకుంది పెద్దనాయనా."

"మందెప్పుడు పెట్టినావు? ఎన్ని?"

"లెక్కకు రావు. కంటిక్కూడా ఆనవు."

"నన్ను ఆట పట్టిస్తాండావు," అని ఆయన నవ్వాడు.

కదిలించకూడని ఎడమచేతిని దిండు మీద వదిలేసి, కుడిచేత్తో ఫోన్‌లో ఏటవాలు గట్లు గీయడం మొదలుపెట్టింది. గీసింది చెరిపి మళ్లీ గీసింది. హైదరాబాదులో అచ్చులు చేసే మనిషికి పంపి, మధుసూదన్‌కు కబురు పెట్టింది: "కొత్త అచ్చు చేయమన్నా. వచ్చినాక నేనే పోసి ఊడదీస్తా. ఎవర్నీ ముట్టనీయొద్దు." తర్వాత ఫోను పొట్ట మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

మిషన్ ఆగే వేళకు యల్లయ్య, "పాపా, లెయ్యి, అయిపోయింది," అన్నాడు. మళ్లీ పిలిచాడు. నర్సు వచ్చి భుజం తట్టి, మెడ దగ్గర వేళ్లు పెట్టి, డాక్టరు కోసం పరుగెత్తింది. ఎంత ప్రయత్నించినా ఆ గుండె మళ్లీ కొట్టుకోలేదు.

సమాధి దగ్గర పాస్టరు, ప్రభువు ఈ బిడ్డకు విశ్రాంతినిచ్చాడని ప్రార్థన చేయబోయాడు. వెంకాయమ్మ తలెత్తింది.

"నా బిడ్డ విశ్రాంతి అడగలేదయ్యా. పనిలో ఉండి పోయిందని చెప్పు."

పాస్టరు ఆమె అన్నట్టే చెప్పాడు.

కొన్నాళ్లకు కాలేజీ గేటు దగ్గర కొరియర్ మనిషి కృపారాణి పేరు పిలిచాడు. మధుసూదన్ కిందికి దిగి, సంతకం పెట్టి, పెట్టె తెచ్చి మేడ మీది గదిలో విప్పాడు. లోపలిదాన్ని ముట్టలేదు. ఖాళీ స్టూలుకు ఎదురుగా బల్ల మీద, దూది మధ్యలో, బొటనవేలి గోరంత అచ్చు. గట్లన్నీ ఏటవాలుగా, గండ్లన్నీ తెరుచుకుని.