త్రినాధరావు గారి మేడ మీద పేడ

అనకాపల్లి గవరపాలెంలో అప్పలకొండమ్మ అద్దెకుంటున్న ఇంటికి మట్టి అనేదే లేదు. మెట్లు దిగితే సిమెంటు రోడ్డు, రోడ్డు పక్కన సిమెంటు కాలువ. మునగపాక చెరకు తోటల్లో పెరిగిన మనిషి, మట్టి తగలకపోతే చేతులు ఊరుకుంటాయా? అందుకని మేడెక్కింది. రంగు డబ్బాల్లో వంగ, చేపల బజారులో పారేసిన థర్మాకోల్ పెట్టెల్లో తోటకూర, నీళ్ళ ట్యాంకు మీదికి పాకించిన ఆనప. బజారు కేబేజీని పురుగు కూడా ముట్టడం లేదు, పురుగుకున్న బుద్ధి మనకెందుకు లేదన్నది ఆవిడ వాదన. వాదన సరైనదే. కాదన్నవాళ్ళు ఆ కేబేజీ తిని చూసుకోవచ్చు.

కింద వాటాలో ఇంటి ఓనరు త్రినాధరావు ఉంటాడు. మేడ మీద మొక్కలకి ఆయన ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద.

"మొక్కలెన్నేనా ఎట్టుకో. పేడ మాత్రం నా మెట్లెక్కకూడదు. కొత్తగా టైల్స్ ఏయించేను. పేడ కంపు వచ్చిందా, ఇల్లు ఖాళీ సేసీడమే."

పేడ లేకుండా జీవామృతం ఎలా చేస్తారో ఆయన చెప్పలేదు. ఓనర్లు అలాంటివి చెప్పరు. ఆవు పేడ, పంచితం అనే ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి నీళ్ళలో కలిపి మురగబెడితేనే మందు వెయ్యని మొక్కకి బలం. అప్పలకొండమ్మ పశువుల శాల నుంచి పేడని టిఫిన్ కేరేజీలో తెచ్చేది, పంచితాన్ని నీళ్ళ సీసాలో. నల్లబెల్లం దిమ్మని మాత్రం పట్టపగలే నెత్తిన పెట్టుకుని మోసింది. అనకాపల్లిలో బెల్లం మోస్తే ఎవడడుగుతాడు?

త్రినాధరావు అడిగాడు. ఒకరోజు మేడెక్కి, మూలనున్న నీలం డ్రమ్ము దగ్గర ముక్కు ఎగబీల్చాడు.

"ఏటిది, పులిసిన కంపు?"

"బెల్లం బాబూ. మొక్కలకి."

"పేడ కాదు కదా?"

"పేడేటి బాబూ! ఉత్త బెల్లమే. మురగబెట్టేను."

ఆయన మహా సంతోషించాడు. ఆ సంతోషం కడుపులో దాచుకోలేక, తన మేడ మీద డ్రమ్ము నిండా నల్లబెల్లం మురుగుతోందని టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాడు. మురిగిన నల్లబెల్లంతో ఏం కాస్తారో ఆయనకి తట్టలేదు. విన్నవాళ్ళకి తట్టింది.

మర్నాడు ఎక్సైజు జీపు వచ్చి గుమ్మంలో ఆగింది. ఎస్సై ముందు, లావుపాటి కానిస్టేబులు పోతురాజు వెనక, బూట్లతో టకటకా మేడెక్కారు.

"సారాకి ఊట ఏసిందెవరు?" అన్నాడు ఎస్సై, డ్రమ్ముని లాఠీతో పొడిచి.

అప్పలకొండమ్మ లెక్క వేసుకుంది. బెల్లమంటే కేసు. పేడంటే ఇల్లు ఖాళీ. ఆనప అప్పుడే పిందె దిగుతోంది, దాన్ని పీకి ఏ మేడకి మోసుకుపోతుంది? ఆవిడ త్రినాధరావు వైపు చూసింది. త్రినాధరావు ఆకాశం వైపు చూశాడు.

"నాకేటీ తెల్దు సార్. ఉత్త బెల్లమేనని ఈవిడే సెప్పింది."

"ఇల్లెవరిది?"

"నాదే సార్."

"అయితే నువ్వూ ఎక్కు జీపు. కాసినోళ్ళ కంటే ముందు సోటిచ్చినోడిని పట్టుకోవాల."

త్రినాధరావు చూపు ఆకాశం నుంచి జారి అప్పలకొండమ్మ మీద పడింది.

"ఇందులో పేడ కలిపేనని సెప్పమ్మా తల్లీ!"

అప్పలకొండమ్మ అప్పుడు అందుకుంది.

"పేడా? తమరి మెట్లెక్కకూడదన్నారు కదా బాబూ."

"ఎక్కొచ్చు! నేనే ఎక్కమన్నాను!"

"ఎప్పుడన్నారు?"

"ఇప్పుడంటన్నాను!"

"నాకొక్కదానికీ సెప్తే ఏటి లాభం? రేపు మాట మారిపోద్ది. ఈదంతా ఇనపడాల."

త్రినాధరావు పిట్టగోడ పట్టుకుని వీధిలోకి అరిచాడు. "పేడండీ! ఆవు పేడ! నా మేడ మీద పేడుంది! నేనే ఎట్టుకోమన్నాను!"

వీధిలో జనం తలలెత్తి చూశారు. ఎస్సై నమ్మలేదు. సారా కాసేవాళ్ళు ఇంతకంటే బాగా అరుస్తారు.

"పోతురాజూ, సూడు."

ఊట ఎన్నాళ్ళదో నాలిక మీద వేసుకుని చెప్పగలడని పోతురాజుకి పేరు. మూత తీసి వేలు ముంచాడు.

"నోట్లో ఎట్టకు నాయనా, నీ మంచికే సెప్తన్నాను," అంది అప్పలకొండమ్మ.

"దొరికినోళ్ళందరూ ఇదే మాట," అని పోతురాజు వేలు చీకాడు. పక్కకి తిరిగి తుపుక్కున ఉమ్మాడు.

"ఏటయ్యా?" అన్నాడు ఎస్సై.

"పంచితం సార్."

"ఖాయమా?"

"సిన్నప్పుడు మా మామ్మ ముక్కు మూసి పట్టించీది సార్. ఈ జన్మకి మరిసిపోను."

ఎస్సై నవ్వు ఆపుకోడానికి మీసం సవరించుకున్నాడు. మెట్లు దిగుతూ త్రినాధరావుకి వేలు చూపించాడు. "మళ్ళీ వత్తాం. ఇందులో పేడ లేకుండా ఉత్త బెల్లం దొరికిందా, తీసుకుపోయీది నిన్నే."

ఆ మాట పనిచేసింది. ధర్మం చెబితే వినని ఓనరు జీపు చెబితే విన్నాడు. రెండు రోజులకే త్రినాధరావు లుంగీ ఎగ్గట్టి, పశువుల శాల నుంచి బకెట్టు మోసుకుంటూ రొప్పుతూ మేడెక్కాడు.

"అప్పలకొండమ్మా, ఈ పేడ సరిపోద్దా?"

అప్పలకొండమ్మ బకెట్లోకి తొంగి చూసింది.

"సాలదు బాబూ. ఆ మూల దొండ పాదు ఎడతన్నాను. ఇంకో డ్రమ్ము ఎయ్యాల."

"ఇంకోటా! మళ్ళీ జీపొత్తే నేనేటి సెప్పాల?"

"పేడనే అరవండి బాబూ. మీ గొంతు బాగుంటాది."